వచ్చే ఆదివారం ఆటకు ముందు ఒక మాట

మిత్రులారా, తలా ఒక పాత్రగా మారి, పాచికలు వేస్తూ కథ నడిపే మన బల్ల ఆటలో (రోల్‌ప్లేయింగ్ గేమ్), పోయిన ఆదివారం చిక్కడపల్లిలో ఆడిన 1908 మూసీ వరద కథలో తప్పు నాదే. అఫ్జల్‌గంజ్ చింతచెట్టెక్కి జనం ప్రాణాలు దక్కించుకునే ఘట్టం వరకు బాగానే నడిచింది. ఆ తర్వాత తల్లి చేతిలోంచి బిడ్డ జారిపోవడాన్ని మరీ సాగదీసి వర్ణించాను. ఒకరు పాచికలు గుప్పిట్లోనే పట్టుకుని, వేయకుండా కూర్చుండిపోయారు. ముందున్న చాయ్ మీద మీగడ కట్టింది. నేను గమనించేసరికి ఆలస్యమైంది.

ఇకపై కొత్త కథకు ముందు అరగంట మాట్లాడుకుందాం. ఇలాంటి ఆటల రూపకర్త రాన్ ఎడ్వర్డ్స్ 2003లో చెప్పిన పద్ధతి తేలికైనది. ‘గీత’ అంటే ఆ విషయం మన కథలోకి రానే రాదు. ‘తెర’ అంటే జరుగుతుంది కానీ చూపించం, ‘తెల్లవారింది’ అని ముందుకు పోతాం. మీ గీతలు, తెరలు శనివారం రాత్రిలోగా నాకు విడిగా పంపండి. కారణం రాయనక్కర్లేదు, నేనూ అడగను. పేర్లు తీసేసి జాబితా ఒక్కటే ఇక్కడ పెడతాను. లైంగిక హింస ఎలాగూ గీతకు అవతలే, దాని మీద చర్చ లేదు.

బల్ల మధ్యలో జాన్ స్టావ్రోపౌలస్ రూపొందించిన ఎక్స్ కార్డు ఉంటుంది. మనది పాత శుభలేఖ వెనక స్కెచ్ పెన్నుతో గీసిన ఇంటూ గుర్తు. ఎవరు తాకినా ఆ సన్నివేశం అక్కడితో ఆగుతుంది.

సరదా పోతుందని బెంగపడేవారికి: వచ్చే వారం పాడుబడ్డ బావి కథే. మిర్చి బజ్జీలు ఎవరు తెస్తున్నారు?