అడయారు ఒడ్డున మన ఏడాది: 2024–25 వార్షిక నివేదిక

సభ్య మహాశయులకు నమస్కారాలు.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా మన చెన్నై తెలుగు సంఘం చేసిన పనుల నివేదికను కార్యవర్గం తరఫున సర్వసభ్య సమావేశం ముందు పెడుతున్నాను. సంఘంలో నది కమిటీ ఎందుకు పుట్టిందో వేరే చెప్పక్కర్లేదు. 2015 డిసెంబరు 1 రాత్రి చెంబరంబాక్కం చెరువు నుంచి 29 వేల క్యూసెక్కులు అడయారు నదిలోకి వదిలినప్పుడు సైదాపేటలోనో జాఫర్‌ఖాన్‌పేటలోనో మేడ మీద తెల్లవార్లూ కూర్చున్నవాళ్ళు ఈ హాల్లో సగం మంది ఉన్నారు. కొత్తగా చేరినవాళ్ళు పక్క కుర్చీలో పెద్దవాళ్ళను అడగండి. భోజనాల వేళ దాకా చెప్తారు.

ముందు ధన్యవాదాలు. చివర్లో పెడితే అప్పటికి అందరూ విస్తళ్ళ దగ్గర ఉంటారు. ఉగాదికి హాలు ఊరికే ఇచ్చిన కల్యాణ మండపం యజమాని గారికి, ఫారాలూ కరపత్రాలూ కాగితం ఖర్చు మాత్రమే తీసుకుని వేసిచ్చిన వీధి చివరి జెరాక్స్ కొట్టు తమ్ముడికి, ఓటరు శిబిరం జరిగిన ప్రతి పూటా అడగకుండానే కాఫీ ఫ్లాస్కులు పంపిన మెస్ అమ్మగారికి, మన వినతిపత్రాలన్నీ తమిళంలో రాసిపెట్టిన రిటైర్డ్ తమిళ మాస్టారికి, వాటిని టైపు చేసిన వారి మనవరాలికి, శిబిరానికి తరగతి గది ఇచ్చిన హెడ్‌మిస్ట్రెస్ గారికి, ఆటో స్టాండు మిత్రులకు, క్రికెట్ మానుకుని స్థలం వదిలిన కుర్రాళ్ళకు పేరు పేరునా కృతజ్ఞతలు. మహిళా విభాగం పులిహోర గురించి నేను చెప్పేదేముంది, గిన్నెలే చెప్పాయి.

పిల్లల తెలుగు తరగతులు ఆదివారాలు నడిచాయి. డిసెంబరు 15న మైలాపూరులోని అమరజీవి స్మారక భవనానికి వెళ్ళి నివాళులర్పించాం. కార్తీక వనభోజనాలు వాన వల్ల ఇండోర్ భోజనాలయ్యాయి. ఇవన్నీ ఏటా ఉండేవే కనుక అసలు విషయానికి వస్తాను.

ఓటు సంగతి

క్రోధి ఉగాది 2024 ఏప్రిల్ 9న చేసుకున్నాం. పది రోజులకు, 19న, తమిళనాడులో లోక్‌సభ పోలింగు. పంచాంగ శ్రవణం అయ్యాక అధ్యక్షులు గారు మైకు తీసుకుని, పోలింగు రోజు ఏడింటికల్లా మండపం దగ్గర కలుసుకుని అందరం కలిసి బూత్‌కు వెళ్దామన్నారు. చప్పట్లు బాగానే పడ్డాయి. తీరా ఆ ఉదయం వచ్చినవాళ్ళకు రెండు ఆటోలు సరిపోయాయి. రానివాళ్ళను తర్వాత అడిగితే దాదాపు అందరి జవాబూ ఒకటే: "మా ఓటు ఊళ్ళో ఉందండీ."

నిజమే, ఊళ్ళోనే ఉంది. నెల తిరక్కుండా మే 13న ఆంధ్రాలో శాసనసభకూ లోక్‌సభకూ కలిపి పోలింగు. దానికి ముందు శని, ఆదివారాల్లో మన వీధులు సంక్రాంతికి ఖాళీ అయినట్టు ఖాళీ అయ్యాయి. గూడూరు, నెల్లూరు, తిరుపతి, చిత్తూరు బస్సుల్లో కాలు పెట్టే చోటు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఎన్నికల్లో 81 శాతం దాటి ఓట్లు పడ్డాయంటే అందులో మన వాళ్ళ చెయ్యీ ఉంది. ఇక్కడ మన దక్షిణ చెన్నై నియోజకవర్గం మాత్రం 54 శాతం దగ్గరే ఆగిపోయింది. కార్పొరేషన్ ఎన్నిక సంగతి ఎత్తకపోవడమే మేలు. 2016లో పాత కౌన్సిల్ గడువు తీరాక ఐదేళ్ళకు పైగా నగరానికి కౌన్సిలరే లేడు, అంతా ప్రత్యేకాధికారి పాలనే. అన్నాళ్ళకు 2022 ఫిబ్రవరి 19న 200 వార్డులకూ ఎన్నిక జరిగితే చెన్నైలో పోలింగు 44 శాతానికి కూడా చేరలేదు.

ఊరి మీద మమకారం తప్పని నేననను. నాదీ నెల్లూరు జిల్లాయే. అయితే మనం అక్కడ వేసే ఓటు అడయారులో ఒక్క మురుగు గొట్టాన్నీ మూయించలేదు. ఒకసారి మన నీళ్ళ దారి చూడండి. 1983 ఒప్పందంతో మొదలైన తెలుగుగంగ కాలువలో శ్రీశైలం నుంచి కృష్ణ నీళ్ళు సోమశిల, కండలేరు మీదుగా వచ్చి ఊత్తుకోట దగ్గర తమిళనాట అడుగుపెట్టి పూండి చేరతాయి. అక్కణ్ణుంచి పుళల్, చెంబరంబాక్కం చెరువులకు, ఆపైన మన కుళాయిలకు. వాడుకుని మనం వదిలేది వీధి కాలువలోకి, అది అడయారులోకి. మన కృష్ణ నీళ్ళని గర్వంగా చెప్పుకునేవాళ్ళం, ఆ నీళ్ళు మన ఇల్లు దాటాక ఏమవుతున్నాయో కూడా పట్టించుకోవాలి కదా.

జూన్‌లో ఎన్నికల కోడ్ ఎత్తేశాక మన ప్రతినిధి బృందం వార్డు ఆఫీసుకు వెళ్ళింది. మర్యాదగా కూర్చోబెట్టి టీ ఇచ్చారు. వినతిపత్రం అటూ ఇటూ తిప్పి చూసి మొదట అడిగిన ప్రశ్న, "మీ వీధిలో మీ వాళ్ళ ఓట్లెన్ని?" మా కోశాధికారి గారికి ముక్కు మీద కోపం వచ్చింది. నాకైతే ఆ ప్రశ్నలో తప్పు కనపడలేదు. నది ఒడ్డున ఇరుకిళ్ళలో ఉండేవాళ్ళు ఎంత పనున్నా ఓటు మానరు. వాళ్ళ వీధిలో కుళాయి ఆగితే సాయంత్రానికల్లా ఎవరో ఒకరు వచ్చి చూస్తారు. మన అపార్ట్‌మెంట్లలో మూడేసి నెలలు మొత్తుకున్నా ఎవరూ రారు.

ఇంకో మాట. 2022 నుంచి వార్డు కమిటీలు, ఏరియా సభలు వచ్చాయి. చెన్నైలో ఒక్కో వార్డుకు పది ఏరియా సభలు. వీధి కాలువ నుంచి దీపం దాకా అడగగలిగిన చోటు అది. దానికి వేరే సభ్యత్వ రుసుము లేదు, ఆ ప్రాంతం ఓటరు జాబితాలో పేరుండడమే సభ్యత్వం. అంటే ఓటు ఊళ్ళో ఉంచుకున్నవాళ్ళు అక్కడ పక్కింటి చుట్టాలే.

అందుకని కార్యవర్గం ఈ ఏడు ఒకటే పని పట్టుకుంది. ఆగస్టు నుంచి ఓటరు శిబిరాలు. ఇల్లు మారినవాళ్ళకు 8వ నంబరు ఫారం, కొత్తవాళ్ళకు 6వ నంబరు ఫారం. 8వ ఫారంతోనే పేరు ఊరి జాబితా నుంచి ఇక్కడికి మారుతుందని, తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదని చాలామందికి అప్పటిదాకా తెలియదు. రెండుచోట్లా ఉంచుకోవచ్చా అని కొందరు చెవిలో అడిగారు. కుదరదు. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం ఒప్పుకోదు, అబద్ధపు ప్రకటన ఇస్తే ఏడాది దాకా జైలు కూడా ఉంది. ఈ మాట విన్నాక ఇద్దరు ముగ్గురు కాఫీ తాగి వెళ్ళిపోయారు.

అద్దె ఇళ్ళవాళ్ళకు అసలు అడ్డంకి ఇంటి యజమానే. జాబితాలో పేరెక్కితే ఇల్లు ఖాళీ చేయరేమోనని ఆయన భయం. ఓటుకూ ఇంటి మీద హక్కుకూ సంబంధం లేదని మాస్టారు తమిళంలో ఒక పేజీ రాసిచ్చారు. అది పట్టుకుని గడప గడపకూ తిరిగాం. గ్యాస్ బిల్లు, బ్యాంకు పాసు పుస్తకం, ఆధార్ వీటిలో ఒకదాని మీద ఇక్కడి చిరునామా ఉంటే అద్దె ఒప్పందం అడగరని తెలిశాక సగం గొడవ తీరింది. నవంబరులో ఎన్నికల సంఘం ప్రత్యేక శిబిరాలకూ మన వాళ్ళు వెళ్ళి కూర్చున్నారు. 2025 జనవరి 6న తుది జాబితా వచ్చినప్పుడు అందులో తన పేరు చూసుకుని, ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడుంటున్న ఒక పిన్నిగారు ఇంటింటికీ మైసూరుపాకు పంచారు. సంఘం చరిత్రలో ఓటుకు స్వీట్లు పంచడం ఇదే మొదలు. పంచింది ఓటరు కనుక ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

కాలువల పటం

ఈ ఏడాది గర్వంగా చెప్పుకోదగింది ఇదొక్కటి, దీనికే రెండు నిమిషాలు ఎక్కువ తీసుకుంటాను.

ఈ నగరంలో పారిశుద్ధ్య పనిలో ఉన్న కుటుంబాల్లో చాలామంది తరాలుగా తెలుగు మాట్లాడేవాళ్ళు. మన వేడుకల్లో వాళ్ళు కనపడరు, మనమూ పిలవం. ఈ ఏడు నది కమిటీ పిలిచింది. ముప్ఫై ఏళ్ళకు పైగా ఈ ప్రాంతం కాలువల్లో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన వచ్చారు. ఆయన మొదటిరోజే చెప్పిన మాట మాకు పాఠమైంది: "వాన ఆగి పది రోజులయ్యాక కూడా వాన కాలువలో నీళ్ళు పారుతుంటే అవి వాన నీళ్ళు కావమ్మా." అంతే. ఏ ల్యాబ్ అక్కర్లేదు.

సంక్రాంతి వెళ్ళాక వానలు ఆగిన రోజులు చూసుకుని మహిళా విభాగం, కాలేజీ పిల్లలు, ఆ పెద్దాయన కలిసి మరైమలై అడిగళ్ వంతెన వైపు నుంచి జాఫర్‌ఖాన్‌పేట దాకా ఒడ్డు వెంట నడిచారు. వాన కాలువ నదిలో కలిసే ప్రతి చోటా ఆగి చూశారు. ఎండిన కాలువకు పచ్చ చుక్క, పారుతున్న కాలువకు నల్ల చుక్క. పారుతున్న ప్రతి కాలువనూ వెనక్కి, వీధుల్లోకి, మూతలు లెక్కపెట్టుకుంటూ వెళ్ళారు. ఏ గేటు లోపలి గొట్టం దొంగతనంగా కలిపారో ఆ పెద్దాయన మూత తెరవకుండానే చెప్పేవారు. పిల్లలు చార్టు మీద గీసిన ఆ పటం ఇప్పుడు మీ వెనక గోడకు ఉంది, చూడండి.

జనవరి 26న ఏరియా సభ. పోయినసారి దాకా ఆ సభకు మన నుంచి నేనూ, నాతో పాటు విధిలేక మా ఆవిడా వెళ్ళేవాళ్ళం. ఈసారి కొత్తగా జాబితాకెక్కినవాళ్ళతో కలిపి కుర్చీలు చాలలేదు. పటం టేబుల్ మీద పరిచారు. మాస్టారి తమిళంలో పిన్నిగారు మాట్లాడారు, తెలుగు యాసలోనే, ఎక్కడా తడబడకుండా. నల్ల చుక్కలన్నీ మినిట్స్‌లోకి ఎక్కాయి. ఎక్కించేదాకా ఎవరూ లేవలేదు. ఫిబ్రవరిలో తనిఖీకి వచ్చారు. మార్చి నెలాఖరుకు నల్ల చుక్కల్లో ఒకటి పచ్చగా మారింది.

ఆ చుక్క మన సభ్యుల అపార్ట్‌మెంటుదేనన్నది కూడా నివేదికలో ఉండాలి. సెప్టిక్ ట్యాంకు పొంగినప్పుడల్లా పంపు పెట్టి వాన కాలువలోకి తోడేవారట. నోటీసు అందాక వాళ్ళే చందాలేసుకుని, నగరం నీళ్ళూ మురుగూ చూసే మెట్రోవాటర్ బోర్డు మురుగు లైనుకు కలుపుకున్నారు. వారి పేరు చెప్పవద్దన్నారు, చెప్పడం లేదు. అభినందనలు మాత్రం అందుకోవాలి.

ఆఫీసులు

మిగతా నల్ల చుక్కలు నల్లగానే ఉన్నాయి. నది జలవనరుల శాఖది, వాన కాలువ కార్పొరేషన్‌ది, మురుగు లైను మెట్రోవాటర్‌ది, కాలుష్యం లెక్క కాలుష్య నియంత్రణ మండలిది. గొట్టం నదిలో పడే ఆ ఒక్క అడుగు చోటు ఎవరిదో చెప్పగలిగినవాళ్ళు ఇంకా దొరకలేదు. ఒక ఆఫీసులో మన ఫైలు పక్క ఆఫీసుకు పంపామన్నారు. పక్క ఆఫీసులో రాలేదన్నారు. లోక్‌సభ ఎన్నికల కోడ్ జూన్ 6న అయిపోతే, సెప్టెంబరులో కూడా "కోడ్ ఉంది సార్" అన్న గుమస్తా గారి ఓపికకు దండం పెట్టి వచ్చాను. రాత్రిళ్ళు మురుగు లారీలు వాన కాలువల మూతలెత్తి ఖాళీ చేయడం మీద కార్పొరేషన్ ఫిర్యాదుల నంబరు 1913కు ఫోన్లు చేస్తూనే ఉన్నాం. ఫిర్యాదు నంబరు వస్తుంది, ఆపైన పరిష్కరించామని మెసేజీ వస్తుంది, ఆ రాత్రి లారీ కూడా వస్తుంది. లారీ నంబరు కనిపించేలా ఫొటో తీసినవాళ్ళు కమిటీకి పంపండి. వీధి పేరు, టైము రాయడం మరవకండి.

లెక్కలు

ఆడిట్ అయిన జమాఖర్చులు మీ చేతిలోని కాగితం వెనక వైపు ఉన్నాయి. కోశాధికారి గారు చదువుతారు. ఉగాది ఖర్చు అంచనా మించింది, శిబిరాలవి మించలేదు. చందా బాకీలున్నవాళ్ళు ఈ రోజే కడితే రసీదు ఇక్కడే ఇస్తారు.

వాలంటీర్ల విషయం రాయకుండా ఉందామనుకున్నాను కానీ కార్యవర్గం రాయమంది. వాట్సాప్ గ్రూపులో శిబిరం ప్రకటన పెట్టినప్పుడల్లా బొటనవేళ్ళు వరసగా లేస్తాయి. శిబిరం బల్ల దగ్గర ఎప్పుడూ అవే నాలుగు ముఖాలు. ఒడ్డు శుభ్రం చేసే ఆదివారం గ్లౌజులేసుకుని ఫొటోకు నిలబడడానికి వచ్చినంత మంది, ఫారాలు నింపడానికి రారు. చెత్త ఏరడం మంచిదే, వద్దనను. ఏరిన చెత్త వచ్చే వానకు మళ్ళీ వస్తుంది. మూసిన గొట్టం మాత్రం మూసుకునే ఉంటుంది. వయసు మీరిన ఆ పెద్దాయన ఎండలో నడిచినప్పుడు, మనలో కొందరికి మెట్లు దిగడం కష్టమైంది.

వచ్చే ఏడు

2026లో శాసనసభ ఎన్నికలు. 2027 తొలినాళ్ళకు ఇప్పటి కార్పొరేషన్ కౌన్సిల్ గడువు కూడా తీరుతుంది. మన బైలా ప్రకారం ఏ పార్టీకీ సంఘం ఓటు అడగదు. ఆ మాట మీద ఉంటూనే, అభ్యర్థులందరికీ ఒకే ఉత్తరం, ఈ పటం నకలు జతచేసి ఇద్దామని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. జవాబులు వచ్చినవి వచ్చినట్టు, రానివి రాలేదని నోటీసు బోర్డులో పెడతాం. పదిహేడేళ్ళు నిండిన మీ పిల్లలు 6వ ఫారం ముందుగానే ఇవ్వవచ్చు. పద్దెనిమిది నిండాక జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు ఒకటో తేదీల్లో ఏది ముందొస్తే దాని ప్రకారం పేరెక్కుతుంది. ఈ హాలు గుమ్మం దగ్గరి బల్ల మీద ఫారాలున్నాయి, పెన్నులు తిరిగి ఇవ్వండి.

నది కమిటీలో రెండు స్థానాలు ఖాళీ. ఒకటి ఆ పెద్దాయనకు ఇవ్వాలని ప్రతిపాదిస్తున్నాను, అధ్యక్షులు గారు బలపరిచారు. రెండోదానికి పేర్లు ఇక్కడే చెప్పండి. గ్రూపులో బొటనవేలు చెల్లదు.

నివేదికను ఆమోదించవలసిందిగా సభను కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి