స్కౌటింగ్‌లో పగ్గాలు పిల్లల చేతికివ్వండి

సంపాదకుడికి,

చాలా బడుల్లో స్కౌట్స్, గైడ్స్ ఏడాదికి రెండు మూడుసార్లే కనిపిస్తారు. ముఖ్య అతిథి వచ్చిన రోజు యూనిఫాం, స్కార్ఫ్ వేసుకుని వరుసగా నిలబడి సెల్యూట్ చేస్తారు. ఏడాది చివర సర్టిఫికెట్లు వస్తాయి. వీళ్లలో ఎంతమంది ఒక్క రాత్రైనా గుడారంలో పడుకున్నారు, ఎంతమంది తమ వంట తామే చేసుకుని తిన్నారు అని అడిగేవాళ్లు లేరు. స్కౌటింగ్ నాయకత్వం నేర్పుతుందని వేదికల మీద అందరూ అంటారు. నిజమే, నేర్పుతుంది. కానీ దేనివల్ల నేర్పుతుందో ఆ భాగాన్నే మనం వదిలేస్తున్నాం.

1907 ఆగస్టులో ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని బ్రౌన్‌సీ దీవిలో స్కౌటింగ్‌ని మొదలుపెట్టిన బేడెన్ పావెల్ మొదటి శిబిరం పెట్టినప్పుడు వచ్చింది 20 మంది పైచిలుకు కుర్రాళ్లు. ఖరీదైన బడుల్లో చదివేవాళ్లనీ కార్మికుల ఇళ్ల పిల్లల్నీ కలిపి నాలుగు జట్లు చేశారు. ఒక్కో జట్టుకీ వాళ్లలోనే ఒకరిని పెద్దగా పెట్టి, ఆ జట్టు బాధ్యత అతనికే అప్పగించారు. పాట్రోల్ పద్ధతి అంటే ఇదే. స్కౌటింగ్‌కి ప్రాణం కూడా ఇదే.

ఆరుగురో ఎనిమిదిమందో ఉన్న పాట్రోల్‌కి పద్నాలుగేళ్ల పిల్ల లీడర్ అయిందనుకోండి. నీళ్లు ఎవరు తేవాలి, పొయ్యి ఎవరు వెలిగించాలి అన్నది తనే తేల్చాలి. పని తప్పించుకునేవాడితో పని చేయించాలి. రాత్రిపూట అమ్మ గుర్తొచ్చి ఏడ్చే చిన్నపిల్ల పక్కన కూర్చోవాలి. తన మీద అలిగినవాళ్లతోనే తెల్లారి మళ్లీ కలిసి నడవాలి. తన మాట నలుగురూ వినాలంటే ముందు ఎదుటివాళ్ల మాట తను వినాలన్నది ఏ వ్యక్తిత్వ వికాస క్లాసూ ఇంత గట్టిగా నేర్పలేదు.

బయట బతికే నేర్పూ అంతే. క్లాసులో బల్ల కాలికి కట్టిన క్లోవ్ హిచ్ ముడిని పరీక్ష అయిపోగానే మర్చిపోతారు. గాలికి టార్పాలిన్ ఎగిరిపోతుంటే కట్టిన ముడి మాత్రం గుర్తుండిపోతుంది. బరువు పడ్డా ఉచ్చు బిగుసుకోని బోలైన్ ముడి ఎందుకు అవసరమో తాడుతో మనిషిని పైకి లాగడం సాధన చేసినప్పుడు తెలుస్తుంది. మ్యాప్‌ని తప్పుగా చదివి అదనంగా ఒక కిలోమీటరు నడిచిన జట్టు ఆ తర్వాత దిక్సూచి చూడకుండా అడుగు వేయదు.

ఇదంతా ఎక్కడ చెడుతోందంటే, పెద్దల దగ్గర. విజిల్ టీచర్ చేతిలో, మెనూ టీచర్ జేబులో, లీడర్ ఎవరన్నది మార్కుల జాబితాలో ఉంటే ఇక పిల్లలకి మిగిలేది బ్యాడ్జీ మాత్రమే. పాట్రోల్ లీడర్లంతా స్కౌట్ మాస్టర్‌తో కూర్చుని నిర్ణయాలు తీసుకునే కోర్ట్ ఆఫ్ ఆనర్ అనే సమావేశం స్కౌటింగ్‌లో ఎప్పటినుంచో ఉంది. దాన్ని నిజంగా నడిపే బడులు ఎన్ని?

తల్లిదండ్రుల భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అమెరికాలో లైంగిక వేధింపుల కేసుల భారంతో అక్కడి స్కౌట్స్ సంస్థ 2020లో దివాలా రక్షణ కోరింది. 80 వేల మందికి పైగా బాధితులు ముందుకొచ్చారు. కాబట్టి ఏ పెద్దవారూ ఒక పిల్లవాడితో ఒంటరిగా ఉండకూడదన్న నియమం, వచ్చేవాళ్ల నేపథ్యం తనిఖీ, పిల్లలు భయపడకుండా ఫిర్యాదు చేసే దారి ప్రతి శిబిరానికీ ఉండి తీరాలి. పిల్లలకి బాధ్యత అప్పగించడమంటే వాళ్లని గాలికి వదిలేయడం కాదు. పెద్దవాళ్లు పిలిస్తే పలికేంత దగ్గర్లో ఉండాలి, పిలిచేదాకా ఆగాలి.

విద్యాధికారులకి నా విన్నపం: స్కౌట్స్ ఉన్న ప్రతి బడిలో ఏడాదికి ఒక్కసారైనా రాత్రి బస ఉండే శిబిరం తప్పనిసరి చేయండి. దాన్ని చూసుకునే టీచర్‌కి శిక్షణ ఇచ్చి, ఆ సమయాన్ని డ్యూటీగా లెక్కించండి. యూనిఫాం కొనలేని పిల్లల ఖర్చు బడే భరించాలి. మీ విలేకరులకూ ఒక మాట. స్కౌట్స్ వార్త రాసేటప్పుడు ఆ పిల్లలు ఏడాదిలో ఎన్ని రాత్రులు శిబిరంలో గడిపారో, పాట్రోల్ లీడర్లని ఎవరు ఎన్నుకున్నారో కూడా అడిగి రాయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు