గల్ఫ్ నుంచి పాలమూరుకు తిరిగివచ్చే కుటుంబాలకు ఒక సమాచార పత్రం కావాలి

సంపాదకులకు నమస్కారం.

దేవరకద్ర దగ్గరి పల్లెలో పుట్టి, పన్నెండేళ్లు మస్కట్‌లో ఒక కంపెనీ గోదాములో లెక్కలు రాసి, నిరుడు ఎండాకాలంలో భార్యాపిల్లలతో మహబూబ్‌నగర్‌కు వచ్చి స్థిరపడ్డాను. మా పిల్లలిద్దరూ అక్కడే పుట్టారు. సొంత జిల్లా అని మేం ఎంత చెప్పినా వాళ్లకిది తెలియని ఊరే. పల్లెను వదిలి ఎప్పుడో వెళ్లిపోయినందున, నిజానికి ఈ పట్టణం నాకూ కొత్తే.

కిరాయి ఇంటి కోసం మెట్టుగడ్డ నుంచి ఏనుగొండ దాకా తిరిగాం. ఇంటి యజమానులు స్థానిక చిరునామా ఉన్న ఆధార్ అడిగారు. ఆధార్‌లో చిరునామా మార్చుకుందామంటే కిరాయి ఒప్పందం కావాలన్నారు. చివరకు నా పాస్‌పోర్టు చూసి నమ్మిన ఒక పెద్దాయన ఇల్లు ఇవ్వడంతో ఆ చిక్కు తీరింది.

పిల్లల ఆధార్ దగ్గర అంతకన్నా ఎక్కువ కాలం పోయింది. దేశంలో 182 రోజులు ఉన్న తర్వాతే రమ్మని నమోదు కేంద్రంలో చెబితే, నిజమే కాబోలనుకుని తిరిగివచ్చాను. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాస భారతీయులకు ఆ నిరీక్షణ అక్కర్లేదని 2019లోనే నిబంధన మార్చారన్న సంగతి, రెండు నెలల తర్వాత మీసేవ కేంద్రం వరుసలో నా ముందు నిలబడిన, కువైట్ నుంచి తిరిగివచ్చిన ఒక అన్న చెబితే తెలిసింది. ఆయన చెప్పకపోయి ఉంటే మరో నాలుగు నెలలు ఊరికే ఎదురుచూసేవాణ్ని.

బడిలో చేర్పించబోయినప్పుడు ఇక్కడి మునిసిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రమే కావాలని పట్టుబట్టారు. మస్కట్‌లోని మన రాయబార కార్యాలయం 1955 నాటి పౌరసత్వ చట్టం కింద నమోదు చేసి ఇచ్చిన పత్రం చూపించినా, ఇది మన దగ్గర చెల్లదని పక్కన పెట్టారు. అది చెల్లుతుంది. అక్కడ నమోదు కాని పిల్లల కోసం 1969 నాటి జనన మరణాల నమోదు చట్టంలోని 20వ సెక్షన్ మరో దారి చూపింది: స్థిరపడే ఉద్దేశంతో తల్లిదండ్రులు తిరిగివస్తే, బిడ్డ దేశంలోకి వచ్చిన 60 రోజుల్లోగా, ఇక్కడే పుట్టిన బిడ్డకు చేసినట్టు నమోదు చేయించుకోవచ్చు. ఇక 2009 నాటి విద్యాహక్కు చట్టం, వయసు రుజువు లేదన్న కారణంతో ఏ పిల్లవాడికీ ప్రవేశం నిరాకరించరాదని స్పష్టంగానే చెప్పింది. ఇవేవీ తెలియని తండ్రిగా నేను ఆ బడి మెట్లు ఐదుసార్లు ఎక్కి దిగాను. బయట గేటు దగ్గర నిలబడి, మనల్ని ఈ బడిలోకి ఎందుకు రానివ్వరని మా చిన్నది అడిగిన రోజు ఇప్పటికీ గుర్తుంది.

మా పిల్లలు తెలుగు మాట్లాడగలరు కానీ అక్షరాలు రావు. 2018 చట్టం ప్రకారం మన రాష్ట్రంలోని బడుల్లో తెలుగు తప్పనిసరి. అది సరైన నిర్ణయమనే నా అభిప్రాయం. అయితే నాలుగో తరగతిలో చేరిన అమ్మాయి అ ఆల నుంచి మొదలుపెట్టాల్సి వచ్చినప్పుడు బడి ఏ ఏర్పాటూ చేయలేదు. "ఏ ఊరోళ్లు బిడ్డా మీరు?" అని మొదటి రోజే పలకరించిన పక్కింటి పెద్దమ్మ, రిటైరైన టీచరు, సాయంత్రం పూట పలక పట్టించి దిద్దించింది. ఆమె రుణం తీర్చుకోలేనిది. ప్రతి కుటుంబానికీ అలాంటి పెద్దమ్మ దొరకదు కదా.

గడువు తీరి ఏడాది దాటిన డ్రైవింగ్ లైసెన్సుకు మళ్లీ డ్రైవింగ్ పరీక్షకు వెళ్లడం, ప్రవాస బ్యాంకు ఖాతాను స్థానిక ఖాతాగా మార్పించుకోవడం వంటివి ఎవరైనా చెబితే తేలికగానే జరుగుతాయి. చెప్పేవారు ఒకచోట లేరు. బొంబాయికి, గల్ఫ్‌కు ఇన్నేళ్లుగా మనుషులను పంపుతున్న జిల్లాలో, తిరిగివచ్చేవారికి ఏయే పత్రం ఎక్కడ, ఎన్ని రోజుల్లో తీసుకోవాలో వివరించే ఒక పేజీ తెలుగు పత్రాన్ని కలెక్టరేట్‌లో, మునిసిపల్ కార్యాలయంలో, మీసేవ కేంద్రాల్లో, మండల విద్యాధికారుల దగ్గర అందుబాటులో ఉంచాలని జిల్లా యంత్రాంగాన్ని కోరుతున్నాను. సోమవారం ప్రజావాణిలో వీరి కోసం ఒక బల్ల కేటాయిస్తే ఇంకా మేలు. పత్రం తయారుచేయడానికి నేను పోగుచేసుకున్న కాగితాల నకళ్లు పనికివస్తాయంటే, ఏ సోమవారమైనా తెచ్చి ఇస్తాను.

– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్