వెళ్తే వెళ్లండి, తేల్చేసి వెళ్లండి

ఎడిటర్ గారికి నమస్కారం,

యాభై దాటాక మళ్లీ ప్రేమ అంటూ మొన్న ఆదివారం మీ పేపర్లో వేసిన ఆర్టికల్ చదివానండి, బాగానే ఉంది, ఆ వయసులో తోడు కావాలనిపించడం తప్పని నేనూ అనను, కానీ అందులో అంతా భార్యని వదిలి వెళ్లిపోయినాయన గోలే, ఇంట్లో మిగిలిపోయిన ఆవిడ గురించి ఒక్క లైను లేదు.

మా పలాసలో మా పక్కింటావిడ ఉంది, వదినా అని పిలుస్తాను. 26 ఏళ్ల కాపురం. ఆయన పనికని విశాఖపట్నం వెళ్లి అక్కడ ఇంకొకావిడతో ఉంటున్నాడు, ఫోన్ చేస్తే ఇన్నాళ్లూ పిల్లల కోసం ఉన్నాను ఇక నా బతుకు నాది అంటాడంట. సరే బతకమనండి. విడాకులిమ్మంటే మాత్రం ఇవ్వడు, కోర్టుకెళ్తే భరణం కట్టాలని భయం. ఈవిడ జీడిపిక్కల పనికెళ్తుంది, సొన అంటుకుని వేళ్లు నల్లగా మాడిపోయుంటాయి, కూతురి పెళ్లప్పుడు కార్డు మీద ఆయన పేరు వెయ్యాలా వద్దా అని ప్రింటింగ్ ప్రెస్ వాడిని రెండ్రోజులు ఆపి చివరికి వేయించింది. వీధిలో వాళ్లేమో "మగోడు, ఏటి సేస్తావమ్మా, తిరిగొస్తాడులే" అంటారు. అదే ఆడది వెళ్లిపోతే ఇలాగే అంటారా?

ఇష్టం లేకపోతే విడిపోడానికి దారి లేదా అంటే ఉంది. హిందూ వివాహ చట్టంలో 13బి సెక్షన్ 1976 నుంచీ ఉంది, ఏడాది విడిగా ఉండి ఇద్దరూ ఒప్పుకుని పిటిషన్ వేస్తే చాలు, తర్వాత ఆగాల్సిన 6 నెలలు కూడా కోర్టు తగ్గించొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. పెద్దమనుషులు స్టాంపు పేపర్ మీద రాయించిన విడాకుల కాగితం మాత్రం, అలాంటి ఆచారం ఆ కులంలో ఉందని రుజువైతే తప్ప చెల్లదు, మా వైపు ఇది చాలామందికి తెలీదు.

వేరే ఆవిడతో ఉండటం నేరం కాదు, దాన్ని నేరమనే సెక్షన్ని 2018లో సుప్రీంకోర్టు కొట్టేసింది. విడాకులు లేకుండా తాళి కట్టేస్తే మాత్రం ఆ పెళ్లి చెల్లదు సరికదా 7 ఏళ్ల దాకా జైలు. ఆ విశాఖపట్నం ఆవిడకైనా ఎవరో ఒకరు ఈ మాట చెప్పారో లేదో పాపం, రేపు ఆయన పోతే ఆవిడ భార్య కింద లెక్కకే రాదు. ఇక్కడ ఈ వదినని ఇల్లు అమ్మేస్తా ఖాళీ చెయ్యి అని బెదిరిస్తున్నాడు, ఇల్లు ఆయన పేరునే ఉన్నా కాపురమున్న ఇంట్లోంచి ఆవిడని అలా ఉత్తినే గెంటడానికి 2005 గృహహింస చట్టం ఒప్పుకోదు.

లాయరుకి డబ్బులెక్కడివి అంటుంది. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా లాయర్ని ఫ్రీగా ఇస్తారు, 15100కి ఫోన్ చేస్తే చాలు. ఈ నంబరు మీరు ఆ ఆదివారం పేజీలోనే, ఆ ప్రేమ ఆర్టికల్ పక్కనే, కాస్త పెద్దక్షరాలతో వెయ్యండి సార్.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పలాస, శ్రీకాకుళం జిల్లా