మూడో అంతస్తు వార్డు ఆయమ్మకి

నిన్న సాయంత్రం తమ్ముణ్ణి డిశ్చార్జ్ చేశారు. ఆరు రోజులుగా సరిగ్గా కన్ను మూసింది లేదు, ఇందులో తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

వాడికి పదకొండేళ్ళుగా స్కిజోఫ్రేనియా. మందులతో ఏదో నెట్టుకొస్తున్నాం. ఈ మధ్య మూడు నెలల్నించి నీళ్ళు, ఒకటే నీళ్ళు. ఫ్రిజ్‌లో బాటిళ్ళు ఖాళీ, బిందె ఖాళీ, అర్ధరాత్రి రెండింటికి బాత్రూమ్‌లో మగ్గు చప్పుడు. షుగరేమోనని చూపిస్తే నార్మల్. "ఎండలు కదమ్మా, తాగనీయండి, మంచిదే" అన్నారు. పోయిన వారం వాంతులు, మాట తడబడటం, ఆ వెంటనే ఫిట్స్. రక్తంలో సోడియం, అంటే ఉప్పు, 114! 135కి తగ్గకూడదట.

క్యాజువాలిటీలో పాత ఫైలు చూడగానే ఒకాయన "మెంటల్ కేసు ఇక్కడికెందుకు తెచ్చారు" అన్నాడు. వాడి మూతి మీద నురగ ఇంకా ఆరలేదండీ. ఈ జబ్బున్న వాళ్ళలో కొందరికి ఇలా ఆగని దాహం ఉంటుందని, నీళ్ళెక్కువై ఒంట్లో ఉప్పు పలచబడితే మెదడు వాస్తుందని, నోరు ఎండగొట్టే మాత్రలూ దానికి తోడవుతాయని పెద్ద డాక్టరుగారు వచ్చాక తెలిసింది. పదకొండేళ్ళలో ఒక్కరు చెప్పలేదు, ఒక్కసారి సోడియం చూడలేదు.

రోజుకి లీటరు నీళ్ళే ఇమ్మన్నారు. మూడో రాత్రి తడి టవల్ నోట్లో పిండుకుంటుంటే లాక్కుని అరిచేశాను. తర్వాత ఎప్పుడు నిద్రపోయానో తెలీదు. లేచి చూస్తే ఆయమ్మ స్టూలేసుకుని వాడి పక్కన కూర్చుని, గుడ్డలో చుట్టిన ఐసుముక్క పెదాలకి అద్దుతోంది. బల్ల మీద చింతగింజలు. "గ్లాసుకో గింజ పక్కన పెడుతున్నా బాబూ, పొద్దుటిదాకా నీవి ఇంకా రెండున్నాయి" అంటోంది. ఎవర్నీ నమ్మనివాడు వాటిని వేలితో లెక్కపెట్టుకుంటున్నాడు. దొంగచాటుగా తాగేస్తాడని చెప్పబోయాను. "గొంతు కాలిపోతుంటే ఏం చేస్తాడు తల్లీ" అంది. మూడు నెలలుగా నేను వాణ్ణి తిట్టని రోజు లేదు. కారిడార్లోకి పోయి ఏడ్చాను. రెండొందలు ఇవ్వబోతే నా చేతిలోనే పెట్టి మూసేసింది. పేరడిగితే "ఆయమ్మ అను చాలు" అంది. ఆ గింజలు వాడు జేబులో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నాడు.

అమ్మా నాన్నా, మా ఆయన సంగతి వేరే చెప్పాలా, చేశారు. మానసిక జబ్బు కదా అని ఇన్సూరెన్స్‌వాళ్ళు కొర్రీ పెట్టారు, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఒంటి జబ్బుతో సమానంగా చూడాలని చదివి వినిపిస్తే గానీ ఫైలు కదల్లేదు. ఆ రెండు రోజుల టెన్షన్‌కి బిల్లు ఎవరికి వెయ్యాలో!

అన్నట్టు, మీటరుకి మించి పైసా అడగని ఆటో అన్నకి, రిపోర్టు పట్టుకుని పరుగెత్తుకొచ్చిన ల్యాబ్ అబ్బాయికి థాంక్స్. అయ్యో, పక్క బెడ్డు పిన్నిగారూ! మీ ఛార్జరు నా సంచిలోనే వచ్చేసింది, సోమవారం చెకప్‌కి వచ్చినప్పుడు తెచ్చిస్తాను.