విషయం: మీరు ఏడుసార్లు "పరిష్కరించిన" నా బండి ఇంకా వణుకుతున్న సంగతి

కస్టమర్ కేర్ విభాగం పెద్దలకు,

ఈ ఉత్తరం ఎవరి పేరున రాయాలో చెప్పమని మీ ఫోన్ వాళ్ళను అడిగాను. "పేర్లు చెప్పకూడదండి, రూల్స్" అన్నారు. అందుకే పెద్దలకు అని రాశాను. ఆ ఆఫీసులో పెద్దలంటూ ఉంటే వాళ్ళే చదువుతారు.

నాది కడియపులంక, నర్సరీ. మొక్కలు వేసుకుని వారానికి రెండుసార్లు హైదరాబాదు వెళ్తాను, మీ పికప్‌లోనే, నేనే నడుపుకుంటూ. బండి మోడలూ ఛాసిస్ నంబరూ ఇక్కడ రాయను. ఐదు నెలల్లో మీ వాళ్ళకు ఎన్నిసార్లు చదివి వినిపించానో! ఆ పదిహేడు అక్షరాలు వినీవినీ మా చిన్నాడికి ఎక్కాల కన్నా ముందు అవే నోటికొచ్చేశాయి. మీ కంప్యూటర్‌లో చూసుకోండి.

బండి సంగతి ఒక్క ముక్కలో అయిపోతుంది. అరవై స్పీడులో బుద్ధిగానే ఉంటుంది. జొన్నాడ దగ్గర గౌతమి వంతెన దిగి 75 అందుకున్నామా, సీటు కింద నుంచి జుమ్మని లేస్తుంది. 90 దాకా అదే పాట. మీ డీలరు దగ్గర సెంటర్ బేరింగ్, అంటే వెనక చక్రాలను తిప్పే పొడవాటి షాఫ్టుకు నడుమ ఆసరాగా ఉండేది, మార్పించిన మర్నాటి నుంచి ఈ వరస. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, మీ వాళ్ళలో ఒక్కరూ పెట్టుకోలేదు.

మొదటిసారి రాజమండ్రిలోని మీ సర్వీస్ సెంటర్‌కి వెళ్ళాను. కుర్రాడు టాబ్లెట్ పట్టుకుని వచ్చి బండి చుట్టూ నాలుగు ఫోటోలు తీశాడు. వణుకుని ఫోటో ఎలా తీస్తాడో నాకు తెలియదు. వీల్ బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ చేసి పంపారు. మర్నాడు అదే వణుకు. రెండోసారి కూడా బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్. మూడోసారికి రిమ్ముల చుట్టూ సీసం ముక్కలు అతికించీ అతికించీ నా చక్రాలకు వడ్డాణాలు పెట్టినట్టయింది. అలైన్‌మెంట్ తేడా ఉంటే బండి పక్కకు లాగుతుంది, టైరు ఒక వైపే అరుగుతుంది. నాది రెండూ చెయ్యట్లేదు మొర్రో అంటే "కంప్యూటర్ చూపిస్తుంది కదండి" అన్నాడు. కంప్యూటర్ నా సీట్లో కూర్చోలేదు బాబూ అన్నాను. నవ్వి, బిల్లు చేతిలో పెట్టాడు.

నాలుగోసారి మీ సలహాదారుడు టెస్ట్ డ్రైవ్‌కి వచ్చాడు. మోరంపూడి వైపు తీసుకెళ్ళి, ఆ ట్రాఫిక్‌లో 40 మీద తిప్పి, "ఏమీ లేదండి, స్మూత్‌గా ఉంది" అన్నాడు. హైవే మీదకు వెళ్దాం, డీజిల్ నాదే అన్నాను. భోజనం టైమయిందట. జాబ్ కార్డు మీద "వైబ్రేషన్ గమనించలేదు" అని రాశాడు. నలభైలో గమనించరండి, నలభైలో లేదనే కదా నేనూ చెబుతున్నది!

ఐదోసారి బండి ఖాళీగా తీసుకెళ్తే "లోడుతో రావాలండి, లోడు లేకపోతే ఎలా తెలుస్తుంది" అన్నారు. సరే అని ఆరోసారి గులాబీ మొక్కల లోడుతోనే వెళ్ళాను. "లోడు ఉంటే లిఫ్ట్ ఎక్కించలేమండి, దింపి రండి" అన్నారు. ఎనిమిది వందల మొక్కలు మీ షోరూమ్ ముందు దింపనా అంటే, అడిగి చెబుతానని లోపలికి వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. మధ్యలో ఒకాయన టైర్ల మీద పడ్డాడు. టైర్ల వారంటీ మాది కాదు, టైరు కంపెనీదే అన్నాడు. టైరు డీలరు దగ్గరకు వెళ్తే అతను తిప్పి చూసి టైరు గుండ్రంగానే ఉంది, రిమ్ము చూపించుకోండి అన్నాడు. రిమ్ము మీది. మళ్ళీ మీ గుమ్మమే.

ఏడోసారి మాత్రం సర్వీస్ మేనేజర్‌గారు స్వయంగా దర్శనమిచ్చారు. "రోడ్లు బాగాలేవండి" అని సెలవిచ్చారు. అదే రోడ్డు మీద మా బావమరిది పాత బండి 80లో వెళ్తుంటే టీ గ్లాసు తొణకదు.

ఇక మీ ఫోన్ మహానుభావుల సంగతి. ముందు హిందీ పాట, తర్వాత "మీ కాల్ మాకు చాలా ముఖ్యం". ఆ ముక్క ఒకరోజు ఇరవై రెండు నిమిషాలు విన్నాను. తెలుగు కావాలంటే నొక్కమన్న నంబరు నొక్కితే ఇంగ్లీషులో పలికారు. ఒకమ్మాయి మర్యాదగా అంతా విని, "అర్థమైందండి, మీ బండి స్టార్ట్ అవ్వట్లేదు, అంతేనా?" అంది. ఆ అమ్మాయి తప్పు లేదు, ఎదురుగా ఉన్న కాగితంలో వణుకు అనే గడి లేదేమో. నాలుగు ఫిర్యాదు నంబర్లు ఇచ్చారు, నాలుగూ "పరిష్కరించబడినది" అని మూసేశారు. నేను సూర్యాపేట దగ్గర రోడ్డు పక్కన ఆగి, జారిన మొక్కలు సర్దుకుంటుంటే ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కారమైనందుకు సంతోషం అని. మీ సంతోషానికి నేను అడ్డు రాను.

పైగా మార్కులు! పని అవ్వకపోయినా డీలరు నుంచి ఫోన్ మాత్రం టంచనుగా వస్తుంది. "కంపెనీ వాళ్ళు అడిగితే పదికి పది చెప్పండి సార్, తొమ్మిది చెప్పినా మా జీతంలో కట్ అవుద్ది." ఆ కుర్రాడి మీద జాలితో రెండుసార్లు పది చెప్పాను. మీ రికార్డుల్లో నేను సంతృప్తి చెందిన వినియోగదారుణ్ణి. ఆ పాపం నాదే.

చివరికి వేమగిరిలో ఒక ముసలి మేస్త్రి దగ్గరకు వెళ్ళాను. కంప్యూటర్ లేదు, ఏసీ లేదు. కూర్చోబెట్టి ఒకే ప్రశ్న వేశాడు: "స్టీరింగ్ ఊగుతుందా, సీటు ఊగుతుందా?" ఐదు నెలల్లో మీ వాళ్ళెవరూ అడగని ప్రశ్న. సీటే అన్నాను. స్టీరింగ్ ఊగితే ముందు చక్రాలు చూడాలట, సీటూ గేరు రాడ్డూ వణికితే వెనకా నడుమా చూడాలట. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తనే హైవే ఎక్కాడు. 80లో గేరు న్యూట్రల్‌లోకి తోశాడు. ఇంజను చప్పుడు తగ్గింది, వణుకు అలాగే ఉంది. "ఇంజన్ది కాదు" అన్నాడు. ఆ వేగంలో చక్రం సెకనుకు పదిసార్ల పైచిలుకు తిరిగితే, షాఫ్టు దానికి నాలుగింతలు తిరుగుతుందట. చక్రానిదైతే దబదబా కొట్టాలి, ఇది సన్నగా జుమ్మంటోంది కాబట్టి షాఫ్టుదే అన్నాడు. వెనక్కి వచ్చి కిందకు దూరి టార్చి వేసి నన్నూ పిలిచాడు. ప్రొపెల్లర్ షాఫ్టు రెండు ముక్కలు కలిసే చోట రెండు బాణం గుర్తులున్నాయి. ఒకదానికెదురుగా ఒకటి ఉండాలి. లేవు. బేరింగ్ మార్చినప్పుడు విప్పినవాడు మళ్ళీ తొడిగేటప్పుడు గుర్తులు చూసుకోలేదు. అంతా కలిపి అరగంట. డబ్బులిస్తే వద్దన్నాడు. "నేను ముట్టుకుంటే నీ వారంటీ పోద్ది, వాళ్ళ దగ్గరికే పో" అన్నాడు.

ఫోటో తీసుకుని సంబరంగా మీ వాళ్ళ దగ్గరకే పోయాను. మీ సలహాదారుడు ఫోటో వంక చూడలేదు. "బయట మెకానిక్ బండి కింద దూరాడా? అయితే వారంటీ గురించి హెడ్డాఫీసుని అడగాలండి." దూరాడు, ముట్టుకోలేదు అన్నాను. అది నిరూపించమన్నాడు.

నాకు కోపం వచ్చింది షాఫ్టు మీద కాదు. మనిషి చేతిలో పొరపాటు జరుగుతుంది, అంట్లు కట్టడంలో నేనూ చేస్తాను. "మా వాడు తప్పు బిగించాడు, పావుగంట కూర్చోండి" అని ఉంటే, మీకు మా తోటలోంచి మంచి మామిడి అంటు తెచ్చి ఇచ్చేవాణ్ణి. 2009లో మా నాన్నగారు కొన్న మొదటి బండి మీదే. దాన్ని అమ్మిన రోజు ఆయన అన్నం తినలేదు. రెండో బండి కొనేటప్పుడు పక్క కంపెనీ వాడు నలభై వేలు తగ్గిస్తానన్నా, నాన్నగారి మాట మీద మీ దగ్గరికే వచ్చాను. షోరూమ్‌లో శాలువా కప్పారు. ఆ శాలువా ఇప్పుడు సీటు మీద మడతపెట్టి వేసుకుంటున్నాను, నడుం నొప్పికి.

ఈ వణుక్కి మొక్కకేమవుతుందో కూడా వినండి. కవర్లో మట్టిముద్ద పగిలి సన్నవేర్లు తెగుతాయి. వెంటనే చావదు. పది రోజులకు ఆకు రాల్చి చస్తుంది. అప్పుడు కొన్నవాళ్ళు ఫోన్ చేసి తిడతారు. నేను ఆ ఫోన్ ఎత్తుతాను. తిట్లు విని, మొక్క మార్చి ఇస్తాను.

1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించాను. తర్వాతిది జిల్లా వినియోగదారుల కమిషన్. వ్యాపారానికి కొన్న బండి కదా అని మీ వకీలు అంటాడేమో. బతుకుతెరువు కోసం స్వయం ఉపాధిగా వాడుకునేవాడు వినియోగదారుడేనని 2019 చట్టంలోనే ఉంది, చదివించుకున్నాను. ఐదు లక్షలు దాటి పది లక్షల లోపు బండికి అక్కడ ఫీజు 200 రూపాయలు. మీ దగ్గర ఒక్క అలైన్‌మెంట్‌కి అంతకంటే ఎక్కువ కట్టాను. కొత్త కార్లను గాడిదలతో షోరూముకు లాగించినవాళ్ళ వీడియోలు మీరూ చూసే ఉంటారు. మా చుట్టుపక్కల గాడిదలు దొరకడం కష్టంగా ఉంది, లేకపోతే ఈపాటికి అదీ అయ్యేది. మా నర్సరీల వాట్సాప్ గ్రూపులో మీ బండ్లు కొనాలనుకుంటున్నవాళ్ళు ఇద్దరున్నారు. ఇప్పటిదాకా వాళ్ళకు ఏమీ చెప్పలేదు.

షాఫ్టు ఎవరైనా బిగిస్తారు. బిగించాక, "గమనించలేదు" అని రాసిన ఆ జాబ్ కార్డుల మీద గమనించాం అని రాసి, దాని కింద ఒక మనిషి పేరు పెట్టి సంతకం చేసి ఇవ్వండి. మూడు అలైన్‌మెంట్ల డబ్బులు ఇస్తారో ఉంచుకుంటారో మీ ఇష్టం.

శుక్రవారం రాత్రి మళ్ళీ హైదరాబాదు లోడు ఉంది. ఈలోగా ఫోన్ చేయదలిస్తే పొద్దున ఆరు నుంచి తోటలోనే ఉంటాను, రెండో రింగుకే ఎత్తుతాను.

ఇట్లు,
కడియపులంక నర్సరీ రైతు
(పేరు మీ దగ్గర నాలుగు ఫిర్యాదుల్లో ఉంది, నాలుగు రకాల స్పెల్లింగులతో)

తా.క.: ఇది స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. అందుకున్నవారు సంతకం కింద పేరు కూడా చదవడానికి వీలుగా రాయండి.