పాప కాలేజీకి పోయేలోపు

ఒరేయ్ బావా,

ఫోన్‌లో తెగే విషయం కాదని ఉత్తరం రాస్తున్నా. పాపకు ఎంసెట్‌లో (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారులే) మంచి ర్యాంకు వచ్చింది, సీటు కూడా వచ్చేస్తే మన పని అయిపోయినట్టే అన్నావు. అక్కడే నాకు నీతో పేచీ.

ఈ రెండేళ్లూ మన పిల్లలు ఇంటర్ ఎట్లా చదివినారో గుర్తు తెచ్చుకో. తెల్లారకముందే బెల్లు, రాత్రి పొద్దుపోయేదాకా స్టడీ అవర్, చేతిలో ఫోన్ ఉండదు, గేటు దాటాలంటే ఔటింగ్ పాస్. ఆదివారం మనం క్యారియర్ పట్టుకొని పోతే చెట్టుకింద కూర్చుని నాలుగు ముద్దలు తిని మళ్లీ లోపలికి పోయేవాళ్లు. ఎప్పుడు లేవాలో, ఏది చదవాలో, ఎంతసేపు చదవాలో అన్నీ ఇంకొకరే చెప్పినారు. కొన్ని నెలల్లో అదే పిల్ల బీటెక్ హాస్టల్‌లో ఉంటుంది. లేపేవాళ్లు ఉండరు. హాజరు 75 శాతం కంటే తగ్గితే పరీక్షలప్పుడు చిక్కు వస్తుందిగానీ, ఈరోజు క్లాసుకు ఎందుకు రాలేదని ఎవరూ అడగరు. ఫస్టియర్‌లో చాలామంది డీలా పడేది లెక్కలు రాక కాదు బావా, తమ రోజును తామే నడుపుకోవడం ఎప్పుడూ అలవాటు లేక. ఈ సెలవుల్లో పైథాన్ ప్రోగ్రామింగ్ కోచింగ్‌లో చేర్పిస్తానంటున్నావు. అది తర్వాతైనా నేర్చుకుంటుంది. ముందు తన రోజును తనే నడుపుకోవడం అలవాటు చేయించు.

సర్టిఫికెట్ల పని నువ్వు చేయొద్దు, తనతోనే చేయించు. సచివాలయంలో ఆదాయ, కుల ధ్రువపత్రాలకు తనే అర్జీ పెట్టాలి, తనే మాట్లాడాలి. నువ్వు వెనక నిలబడు, చాలు. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు ఎందుకు అడుగుతారో కూడా చెప్పు. సీట్ల లెక్కలో మనది తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ పరిధి. కన్వీనర్ సీట్లలో, అంటే ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చేవాటిలో, 85 శాతం స్థానికులకే పోతాయి, ఎవరు స్థానికులో తేల్చేది ఆ కాగితాలే. మీ పక్క తమిళనాడులోని వేలూరుకు పోయి చదివే పిల్లలు ఎక్కువ కదా, అట్లాంటివాళ్లు ఈ సంగతి ముందే కనుక్కోవాలి. ఇంకొకటి, టెన్త్ మెమో, ఆధార్ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడమను. ఒకదాంట్లో ఇంటిపేరు ఒట్టి పొడి అక్షరం ఉంటుంది, ఇంకోదాంట్లో మొత్తం రాసి ఉంటుంది. ఇప్పుడైతే తీరిగ్గా సరిచేయించుకోవచ్చు, వెరిఫికేషన్ రోజు తెలిస్తే ఒకటే టెన్షన్.

ఏ కాలేజీలో ఏ బ్రాంచి కావాలో వరుసగా ఆన్‌లైన్‌లో పెట్టే వెబ్ ఆప్షన్ల దగ్గర మాత్రం గట్టిగా చెబుతున్నా, నెట్ సెంటర్ అబ్బాయి చేతికి వదిలేయొద్దు. కంప్యూటర్ ర్యాంకుల వరుసలో ఒక్కొక్కరి ఆప్షన్లను పైనుంచి చూసుకుంటూ వచ్చి, ఖాళీ దొరికిన మొదటి సీటు ఇచ్చేస్తుంది. ఇక కింద ఉన్నవాటి జోలికి పోదు. కాబట్టి వస్తుందో రాదో అనుకున్నదాన్ని పైన పెడితే పోయేదేమీ లేదు. అంతగా ఇష్టం లేనిదాన్ని భయపడి పైన పెడితేనే నష్టం. పాపకు సివిల్ మీద మనసుంది, నీకేమో కంప్యూటర్స్. నాలుగేళ్లు కూర్చుని చదివేది తను బావా. తన వరుస తననే కాగితం మీద రాసుకోనీ. నీకు తెలిసింది చెప్పు, ఎందుకో కూడా చెప్పు, కానీ పెన్ను తన చేతిలోనే ఉండనీ.

తన పేరున బ్యాంకు ఖాతా తెరిపించి ఆధార్ లింకు చేయించు, స్కాలర్‌షిప్పులకు ఎట్లాగూ కావాలి. ఈ నెల నుంచే చేతి ఖర్చుకు ఇంత అని ఇచ్చేయ్. ఇరవయ్యో తేదీకే అయిపోతే కసురుకోకుండా ఇద్దరూ కూర్చుని లెక్క చూడండి. జ్వరమొస్తే ఏం చేయాలి, బట్టలు ఎట్లా ఉతుక్కోవాలి లాంటివి చెల్లెమ్మ చూసుకుంటుందిలే.

నాకు అసలు దిగులు ఇంకోచోట ఉంది. రేపు ఒక సబ్జెక్టు తప్పిందనుకో, లేదా హాస్టల్‌లో ఎవరైనా ఏడిపిస్తున్నారనుకో, పాప మొదటి ఫోన్ నీకు చేయాలి. చేస్తుందా? ఈ రెండేళ్లలో నువ్వు ఫోన్ చేస్తే మొదట అడిగేది వీకెండ్ టెస్టులో ఎన్నొచ్చాయనే. నీ ప్రేమ నాకు తెలుసు, ఆ పిల్లకు మాత్రం మార్కులే వినబడతాయి. ఈ సెలవుల్లో రోజూ కాసేపు చదువు ఊసు లేకుండా మాట్లాడు. తను చెప్పేది మధ్యలో ఆపకుండా విను. మొదట్లో ఇద్దరికీ ఇబ్బందిగానే ఉంటుంది, అయినా మానొద్దు.

వచ్చే వారం మా మేనకోడల్ని ఒక్కదాన్నే తిరుపతి బస్సెక్కించు. నేను బస్టాండుకు రాను. తనే ఆటో మాట్లాడుకొని బాలాజీ కాలనీలో మా ఇంటికి రావాలి. మర్నాడు ఎస్వీయూ ఇంజనీరింగ్ కాలేజీకి తీసుకుపోతా, సివిల్ చదివే పిల్లలు నలుగురు కనబడితే అడగాల్సింది తనే అడుగుతుంది. ఆ తర్వాత పద్మావతి మహిళా యూనివర్సిటీ కూడా చూసొస్తాం. ఒరిజినల్స్ తేవద్దు, జిరాక్సులు చాలు. నువ్వు మాత్రం దారి పొడవునా ఫోన్లు చేయొద్దు, చేరగానే తనే చేస్తుంది.

ఉంటా,
నీ బావ